చిన్న రివాల్వర్, పెద్ద బోరు: కొనదలచినవారు ముందుగా తెలుసుకోవలసిన సంగతులు

జేబులో లేదా నడుము వద్ద నిత్యం ఉంచుకొనుటకు వీలైనంత చిన్నదిగా ఉండాలి, పేలిస్తే మాత్రం ఎదుటివాడు నిలువరాదు. ఆత్మరక్షణకై రివాల్వర్ కొనదలచిన వారిలో అధికులు కోరేది ఇదే. ఈ కోరిక కొత్తది కాదు. ఇంగ్లండులోని బర్మింగ్‌హాం నగరానికి చెందిన వెబ్లీ సంస్థ 1872లోనే 'బ్రిటిష్ బుల్‌డాగ్' పేరుతో ఐదు తూటాల పొట్టి రివాల్వర్‌ను విడుదల చేసింది. దాని గొట్టం రెండున్నర అంగుళాలు మాత్రమే. బోరు 0.442 లేదా 0.450. కోటు జేబులో పట్టే ఈ ఆయుధాన్ని ఇతర దేశాలవారు కూడ విరివిగా అనుకరించారు. 1881 జూలై 2న అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్‌పై వాషింగ్టన్ రైల్వే స్టేషన్‌లో కాల్పులు జరిపిన గిటో చేతిలో ఉన్నది ఈ జాతి రివాల్వరే. ఆ పేరునే తీసుకొని అమెరికాలోని చార్టర్ ఆర్మ్స్ సంస్థ 1973లో 0.44 బోరు బుల్‌డాగ్‌ను తయారు చేసింది. అదీ ఐదు తూటాలదే, బరువు సుమారు 600 గ్రాములు.

మన దేశంలో ఈ కోరికకు చట్టం ఒక హద్దు గీసింది. ఆ హద్దు దాటి చూచినా, పెద్ద బోరును చిన్న ఆయుధంలో ఇరికించినప్పుడు లాభముతో పాటు నష్టమూ ఉన్నది. ముందుగా ఆ నష్టమేమిటో చూడడం మంచిది.

బోరు అంటే ఏమిటి?

బోరు అనగా స్థూలంగా గొట్టపు లోపలి వ్యాసం, అంగుళాలలో. 0.32 అంటే అంగుళంలో నూటికి 32 వంతులు. అయితే ఈ అంకెలు పేర్లే గాని ఖచ్చితమైన కొలతలు కావు. 0.32 స్మిత్ అండ్ వెసన్ లాంగ్ తూటాలోని గుండు వాస్తవంగా 0.312 అంగుళాలు, అనగా సుమారు 7.9 మి.మీ. 0.38 స్పెషల్ గుండు 0.357 అంగుళాలు. 0.44 స్పెషల్ గుండు 0.429 అంగుళాలు. పాత వెబ్లీలలో 0.38 బోరుకు వాడే తూటా, అమెరికా 0.38 స్పెషల్ తూటా వేర్వేరు. పేరు చూచి ఒకదానికి బదులు మరొకటి కొనేవారు మోసపోతారు. ఆయుధంపై చెక్కిన పూర్తి పేరును, తూటా పెట్టెపై ఉన్న పేరును అక్షరం అక్షరం పోల్చి చూడవలసిందే.

ఇక బలం సంగతి. 0.44 స్పెషల్ గుండు బరువు సుమారు 16 గ్రాములు. పొట్టి గొట్టం నుండి అది సెకనుకు దాదాపు 220 మీటర్ల వేగంతో వెలువడుతుంది. 0.32 గుండు ఆరు గ్రాముల పైచిలుకు, వేగం సుమారు 210 మీటర్లు. ఉన్నత పాఠశాలలో నేర్చిన సూత్రంతో లెక్కిస్తే మొదటిదాని శక్తి సుమారు 390 జౌళ్ళు, రెండవదానిది సుమారు 140 జౌళ్ళు. అంటే పెద్ద బోరు బలం దాదాపు మూడు రెట్లకు చేరువ.

అయితే గుండు ముందుకు పోయినంత ఊపుతో ఆయుధం వెనుకకు వస్తుంది. గ్రామాలలో 'తుపాకి తన్నింది' అంటారే, అదే ఇది. 600 గ్రాముల రివాల్వర్ నుండి 0.44 గుండు వెలువడితే ఆయుధం సెకనుకు ఆరు మీటర్ల వేగంతో చేతిని తన్నుతుంది. 500 గ్రాముల 0.32 రివాల్వర్‌లో ఆ వేగం మూడు మీటర్లకు లోపే. తన్నులోని శక్తిని లెక్కిస్తే తేడా ఆరు రెట్లకు దగ్గరగా వస్తుంది. మందు బరువును కూడ కలిపితే అంకెలు కొంత మారవచ్చు గాని తీరు మారదు. గుండు బలం మూడు రెట్లు కూడ పెరగలేదు, చేతికి తగిలే తన్ను మాత్రం ఆరింతలైనది. మొదటి గుండు తరువాత గొట్టం పైకి లేస్తుంది, మణికట్టు తిరుగుతుంది, రెండవ గుండు ఎటు పోతుందో తెలియదు. ఏటా నాలుగు తూటాలైనా సాధన చేయని గృహస్థుకు పెద్ద బోరు వలన కలిగేది బలం కాదు, బెదురు.

తేలిక ఆయుధంలో మరొక చిక్కు ఉన్నది. హ్యామర్‌ను వెనుకకు లాగకుండా నేరుగా ట్రిగ్గర్ నొక్కితే అనేక రివాల్వర్లలో నాలుగైదు కిలోల బలం అవసరమవుతుంది. అరకిలో ఆయుధంపై నాలుగైదు కిలోల బలం ప్రయోగిస్తే గొట్టం కదలకుండా ఎలా ఉంటుంది? దుకాణంలో బరువును అరచేతితో తూచి మురిసిపోయేవారు ఈ సంగతిని గమనించరు. కొనేముందు ఖాళీ ఆయుధంతో, దుకాణదారుని అనుమతితో, గోడ మీద ఒక చుక్కను గురిచూచి పదిసార్లు నొక్కి చూడాలి. పదవసారి కూడ చుక్క మీదే గొట్టం నిలిస్తే ఆ పిడి ఆ చేతికి తగినదని అర్థం. భార్యకు కూడ వేరుగా లైసెన్సు ఉండి, అదే రకం ఆయుధం తీసుకోదలిస్తే ఆమె కూడ స్వయంగా చూచుకోవాలి. ఆడవారికి చిన్నది చాలునని భర్త ఎంపిక చేయడం పొరపాటు, ఎందుకంటే చిన్నదే ఎక్కువ తన్నుతుంది.

చట్టం అనుమతించేది

1959 నాటి ఆయుధాల చట్టం, 2016 ఆయుధాల నియమాలు ఈ విషయాన్ని శాసిస్తున్నాయి. సైన్యం, పోలీసులు వాడిన 0.38, 0.455, 9 మి.మీ. వంటివి నిషిద్ధ బోరులుగా పరిగణింపబడుతూ వచ్చాయి. వాటికి అనుమతి కేంద్ర హోం మంత్రిత్వ శాఖ చేతిలో ఉన్నది, సామాన్యునికి దాదాపు దొరకదు. జిల్లా మేజిస్ట్రేటు గాని, నగరాలలో పోలీసు కమిషనర్ గాని ఇచ్చే లైసెన్సుతో సాధారణంగా లభించేది 0.32 లేదా 0.22 బోరు. విదేశీ ఆయుధాలను వ్యక్తులు దిగుమతి చేసుకొనుట 1980ల మధ్యకాలం నుండి దాదాపు నిలిచిపోయింది. అందువల్లనే పాత స్మిత్ అండ్ వెసన్, వెబ్లీ రివాల్వర్లు చేతులు మారినప్పుడల్లా ధర పెరుగుతూ వచ్చింది. పేరు చూచి లక్షలు పోసేవారు గొట్టం లోపల గాడులు అరిగినవో లేవో చూడరు.

దేశీయ ఆయుధాలలో కాన్పూరులో తయారయ్యే 0.32 రివాల్వర్లు ప్రసిద్ధమైనవి. 2014 జనవరిలో వచ్చిన 'నిర్భీక్' బరువు సుమారు అరకిలో, అప్పటి ధర సుమారు 1.22 లక్షల రూపాయలు. మహిళల కోసమని ప్రచారం చేశారు గాని ఆ ధర ఎందరు మహిళలకు అందుబాటులో ఉంటుందన్న ప్రశ్న నాడే తలెత్తింది. 2021 అక్టోబరులో ఆయుధ కర్మాగారాల బోర్డు రద్దయి ఏడు ప్రభుత్వ సంస్థలుగా విడిపోయింది. వాటిలో కాన్పూరు సంస్థ 2023 ఆగస్టులో 'ప్రబల్' అనే రివాల్వర్‌ను తెచ్చింది. దీని బరువు 675 గ్రాములు, గొట్టం 76 మి.మీ., తూటాల చక్రం పక్కకు తెరుచుకుంటుంది. పాత నమూనాల వలె ఆయుధాన్ని మధ్యకు విరిచి తూటాలు నింపవలసిన పని లేదు. వెబ్లీ పేరుతో ఉత్తరప్రదేశ్‌లోని హర్దోయి జిల్లాలో కూడ 0.32 రివాల్వర్లు తయారవుతున్నాయి. 175 గ్రాములు ఎక్కువైనా ప్రబల్ వంటి బరువైనదే సాధన తక్కువ ఉన్నవారికి మేలు. నడుముకు భారమనిపించినా గురి నిలుస్తుంది.

లైసెన్సుకు 21 ఏళ్ళు నిండాలి. ఆయుధ భద్రత శిక్షణ, వైద్య ధ్రువపత్రం, పోలీసు విచారణ తప్పవు. 2019 సవరణ ప్రకారం లైసెన్సు కాలం ఐదేళ్ళు, ఒకరికి గరిష్ఠంగా రెండు ఆయుధాలు. పెళ్ళి ఊరేగింపులో సరదాకు గాలిలో కాల్చి ఇతరుల ప్రాణాలకు ముప్పు తెస్తే అదే సవరణ ప్రకారం రెండేళ్ళ వరకు జైలు లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేక రెండూ. బహిరంగ స్థలాలలో రివాల్వర్‌ను ఒరలో ఉంచి, పూర్తిగా కప్పి తీసుకొనిపోవాలి. ఇతరులకు కనబడేటట్లు పెట్టుకొని తిరుగుట హోదా కాదు, ఉల్లంఘన.

సరిహద్దు గ్రామాలకు ప్రత్యేకంగా

ఎక్కువమంది పొరపాటు చేసేది ఇక్కడనే. లైసెన్సు పుస్తకంలో అది ఏ ప్రాంతంలో చెల్లుతుందో వ్రాసి ఉంటుంది. జిల్లా అని ఉంటే జిల్లా, రాష్ట్రమని ఉంటే రాష్ట్రం. ఆ గీత దాటిన క్షణం నుండి జేబులోని రివాల్వర్ లైసెన్సు లేని ఆయుధంతో సమానం కావచ్చు. లైసెన్సు లేకుండా తుపాకి కలిగి ఉన్న నేరానికి 2019 తరువాత కనీస శిక్ష రెండేళ్ళు.

లోతట్టు జిల్లాల వారికి ఇది కాగితపు సంగతి. సరిహద్దు వారికి దినచర్య. కర్ణాటకలోని పావగడ తాలూకాకు మూడు వైపులా ఆంధ్రప్రదేశ్ ఉన్నది. అక్కడివాడు మడకశిర మీదుగా తుమకూరు వెళితే ఒకే ప్రయాణంలో రెండుసార్లు రాష్ట్ర సరిహద్దు దాటుతాడు. యానాం పుదుచ్చేరిలోని భాగం, చుట్టూ ఆంధ్ర భూమి. యానాం లైసెన్సుతో కాకినాడ ఆసుపత్రికి పోయేవాడు ఊరు దాటుతూనే మరొక రాష్ట్రంలో అడుగు పెడతాడు. పొలం ఒక రాష్ట్రంలో, ఇల్లు మరొక రాష్ట్రంలో ఉన్న కుటుంబాలు ఈ గీతల వెంబడి ఎన్నో ఉన్నవి. అటువంటివారు దరఖాస్తు చేసేనాడే కారణం వివరించి, పొరుగు రాష్ట్రంలోని పొలం పత్రాల నకళ్ళు జతపరచి, ప్రాంత పరిధి విస్తరణను వ్రాతపూర్వకంగా కోరాలి. అనుమతి వస్తుందన్న హామీ లేదు. రానంతవరకు సరిహద్దు దాటే రోజున ఆయుధం ఇంటి బీరువాలోనే ఉండాలి. 'చెక్‌పోస్టు వారు తెలిసినవారే' అనే ధైర్యం న్యాయస్థానంలో సాక్ష్యం కాదు.

ఎన్నికల సమయంలోనూ ఇదే తికమక. కర్ణాటక శాసనసభకు 2023 మేలో, ఆంధ్రప్రదేశ్ శాసనసభకు 2024 మేలో, ఒడిశా శాసనసభకు 2024 మే, జూన్ నెలలలో పోలింగ్ జరిగింది. నియమావళి ఒకవైపు అమలులో ఉండగా మరొకవైపు ఉండకపోవచ్చు. ఆయుధం అప్పగించవలసినదిగా నోటీసు వచ్చేది లైసెన్సు ఇచ్చిన జిల్లా నుండి. స్టేషనులో అప్పగించినప్పుడు ఆయుధం నంబరు, తూటాల సంఖ్యతో రసీదు తీసుకొని లైసెన్సు పుస్తకంలోనే భద్రపరచాలి.

ఇంటిలో

తూటాలు ఒకచోట, ఆయుధం మరొకచోట, రెండింటికీ తాళం. ట్రిగ్గర్ గట్టిగా ఉన్నదని పిల్లల విషయంలో నిశ్చింతగా ఉండరాదు. పిల్లలు రెండు బొటనవేళ్ళతో నొక్కుతారు, హ్యామర్ వెనుకకు లాగి ఉంటే అంత బలమూ అవసరం లేదు. పాత రివాల్వర్లలో కొన్నింటికి, హ్యామర్‌పై దెబ్బ తగిలినా తూటా పేలకుండ ఆపే అడ్డుకడ్డీ ఉండదు. వాటిలో హ్యామర్ ఎదుటి గదిని ఖాళీగా వదలుట ఎరిగినవారి అలవాటు. ఇంటిలో ఎవరైనా తాగుడుకు లోనై ఉన్నా, అప్పులతోనో అవమానంతోనో కుంగిపోయి ఉన్నా, ఆయుధాన్ని కొంతకాలం లైసెన్సు గల దుకాణదారు వద్దగాని పోలీసు స్టేషనులో గాని ఉంచుట చట్టం అనుమతించిన మార్గం. దొంగ వచ్చే రాత్రి కంటె అటువంటి రాత్రి అధిక ప్రమాదకరం.

తాతగారు ఉంచుకొన్న రివాల్వర్ ఆయన మరణానంతరం బీరువాలో ఉండిపోవడం కూడ సాధారణమే. లైసెన్సు ఆయనతోనే ముగిసింది గనుక ఆ ఆయుధాన్ని జమచేసి, వారసుడు తన పేర లైసెన్సుకు దరఖాస్తు చేయాలి. 2016 నియమాల ప్రకారం యజమానికి 70 ఏళ్ళు నిండినా, లేదా ఆయుధం 25 ఏళ్ళుగా ఆయన వద్ద ఉన్నా, జీవించి ఉండగానే వారసునికి బదిలీ కోరవచ్చు.

దొంగపై కాల్చితే ఏమవుతుందని అడిగేవారు ఉంటారు. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆత్మరక్షణ హక్కు 34 నుండి 44 వరకు గల సెక్షన్లలో ఉన్నది. అవసరానికి మించిన హాని చేయుట ఆ హక్కులో భాగం కాదు. పారిపోతున్నవాని వీపున తగిలిన గుండును ఆత్మరక్షణగా చూపించుట మిక్కిలి కష్టం.

మరమ్మతుకో, లైసెన్సు పునరుద్ధరణకో ఆయుధాన్ని కుమారుని చేత పంపదలచినవారు యజమాని సంతకంతో కూడిన అధికారపత్రాన్ని వెంట పంపాలి. చట్టంలోని మూడవ సెక్షను ఈ సౌలభ్యాన్ని ఆ పనులకు ఇచ్చింది. ఆ కాగితం లేకుండా బయలుదేరిన కుమారుడు, తండ్రి ఎంత పెద్దమనిషి అయినా, లైసెన్సు లేని ఆయుధంతో పట్టుబడినవాడే అవుతాడు.