చేతికర్ర నామోషీ కాదు



మన సమావేశాలకు రావడం మానేసిన కొందరు మిత్రులను కారణం అడిగితే మోకాళ్ల నొప్పులంటారు. ఇంకాస్త గుచ్చి అడిగితే అసలు సంగతి బయటపడుతుంది. కర్ర లేనిదే నడవలేరు. కర్రతో నలుగురిలోకి రావడం నామోషీ. ఆ నామోషీతో ఇంట్లో కుర్చీకి అతుక్కుపోతే ఉన్న సత్తువ కూడా సన్నగిల్లుతుంది. కర్ర ముసలితనానికి గుర్తన్న మాట ఎంతవరకు నిజమో చరిత్రలో చూద్దాం.

మన కొల్లేటి సీమలో కర్ర పడుచువాళ్ల చేతిలోనే ఉండేది. వానాకాలం జారుడు గట్ల మీద పట్టు కోసం, గడ్డిలో పురుగూ పుట్రా అదిలించడం కోసం రైతుకు కర్ర ఉండవలసిందే. కొల్లేటిలో దోనె నడిపేవాడు గెడను నేలకు ఆనించి వెనక్కు తోస్తే దోనె ముందుకు సాగుతుంది. చేతులు, భుజాలు, వీపు అన్నీ పనిచేస్తాయి. తాడేపల్లిగూడెం మీదుగా వచ్చే గోదావరి కాలువ, బెజవాడ నుంచి వచ్చే కృష్ణా కాలువ ఏలూరులో కలుస్తాయి. ఒకప్పుడు ఆ కాలువల్లో గాలి వాటం లేకపోతే పడవను తాడుతో లాగుతూ మనుషులు గట్టు వెంట నడిచేవారు.

1930 మార్చి 12న దండికి బయలుదేరేనాటికి గాంధీజీకి 60 ఏళ్లు దాటాయి. చేతికర్రతో 24 రోజుల్లో సుమారు 240 మైళ్లు నడిచారు. తరువాత కొన్నేళ్లకే ఆంధ్ర రైతులు రెండు వేల మందికి పైగా ఇచ్ఛాపురం నుంచి బయలుదేరి, 130 రోజులు, 1,500 మైళ్లకు మించి నడిచి, 1938 మార్చి 27న మద్రాసు శాసనసభకు అర్జీలు సమర్పించారు. నలుగురూ కలిసి నడవడం మనకు కొత్త కాదు.

ఇక విదేశాల సంగతి. ఫిన్లాండులో మంచు మీద జారే స్కీ పందెగాళ్లు వేసవిలో మంచు లేనప్పుడు రెండు చేతులా కర్రలు పట్టుకుని నడిచి సాధన చేసేవారు. 1966లో హెల్సింకీలో లీనా యాస్కెలైనెన్ అనే వ్యాయామ ఉపాధ్యాయిని ఈ నడకను బడిపిల్లలకు నేర్పారు. 1997లో దీనికోసమే ప్రత్యేకంగా కర్రలు తయారై, 'నార్డిక్ వాకింగ్' పేరుతో లోకమంతా పాకింది. అంటే రెండు కర్రల నడక పుట్టింది క్రీడాకారుల చేతుల్లో!

పద్ధతి సులభం. కుడికాలితో ఎడమచెయ్యి, ఎడమకాలితో కుడిచెయ్యి ముందుకు రావాలి. కర్రను ఏటవాలుగా ఆనించి వెనక్కు తోయాలి. కర్ర పట్టుకుంటే మోచెయ్యి ఇంచుమించు లంబకోణంలో ఉండాలి. తారురోడ్డు మీద చివర రబ్బరు తొడుగు తప్పనిసరి. 2002లో అమెరికాలోని కూపర్ సంస్థ 22 మందిని పరీక్షించగా, మామూలు నడక కంటే ఇందులో సగటున 20 శాతం ఎక్కువ శ్రమ జరిగిందనీ, నడిచేవారికి మాత్రం అంత అదనపు అలసట తోచలేదనీ తేలింది. 65 ఏళ్లు దాటినవారు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం చేయాలనీ, తూలిపడకుండా నిలకడనిచ్చే కసరత్తులు వారానికి మూడు రోజులైనా ఉండాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. అయితే తరచు పడిపోయేవారు, గుండెజబ్బు ఉన్నవారు ముందుగా డాక్టరును అడగాలి. ఊతకర్ర వాడమని డాక్టరు చెప్పినవారు దానితోనే రావచ్చు.

2022 ఏప్రిల్ 4 నుంచి ఏలూరు ఒక జిల్లా, తాడేపల్లిగూడెం మరొక జిల్లా అయినాయి. పెన్షనర్లం మాత్రం వేరుపడలేదు. ఏలూరువారికి కాలువగట్టు ఉంది. గూడెంవారికి రెండవ ప్రపంచయుద్ధం నాటి విమానాల రన్‌వే ఉంది. వారానికి ఒక ఉదయం అక్కడ కలుద్దాం. మగవారే కాక ఇంటి ఆడవాళ్లూ, మనుమలూ రావాలి. మెల్లగా నడిచేవారిని ముందుంచి, వారి నడకనే అందరి నడకగా పెట్టుకుందాం. సమావేశాలు మానేసిన మిత్రుల ఇంటికి వెళ్లి, కర్రతో సహా వెంటబెట్టుకు రావలసిందిగా సభ్యులకు నా మనవి.