పామర్ కంపెనీ పద్దు పుస్తకం

మాదాపూర్ ప్రాంతపు బడిలో తెలుగు పాఠాలు చెప్పే నేను హైటెక్ సిటీ నేపథ్యంగా వచ్చిన కథలను శ్రద్ధగా చదువుతాను. వాటిలో చాలావాటికి చరిత్ర 1998 నవంబరులో, సైబర్ టవర్స్ ప్రారంభంతో మొదలవుతుంది. పరాయి పెట్టుబడి అప్పుడే ఈ ఊరి గడప తొక్కిందన్న భావం వాటిలో కనిపిస్తుంది. ఇది చరిత్రకు నిలవదు. ఆ పరిచయం వయస్సు రెండు వందల ఏళ్లు పైబడింది.

1814లో కంపెనీ ప్రభుత్వ అనుమతితో హైదరాబాదులో విలియం పామర్ కంపెనీ లేవాదేవీల వ్యాపారం సాగించింది. కంపెనీ అనుమతి లేనిదే యూరోపియన్లు స్వదేశీ రాజులకు అప్పులివ్వరాదని 1797లో బ్రిటిష్ పార్లమెంటు చట్టం చేసింది. 1816లో లార్డ్ హేస్టింగ్స్ ప్రభుత్వం పామర్ కంపెనీకి ఆ చట్టం నుంచి మినహాయింపు ఇచ్చింది. సంస్థలో భాగస్వామి అయిన రంబోల్డ్ భార్య హేస్టింగ్స్ పెంపకంలో పెరిగిన అమ్మాయి. అధికారానికీ వ్యాపారానికీ ఉన్న చుట్టరికం ఇక్కడ అక్షరాలా చుట్టరికమే.

రెసిడెంటు అజమాయిషీలో ఉన్న సైన్యానికి జీతాలు నిజాం ఖజానా ఇవ్వాలి. ఖజానాలో డబ్బు లేదు. పేష్కారు చందూలాల్ పామర్ దగ్గర అప్పు చేశాడు. వడ్డీ సాలుకు నూటికి 24, 25. తాకట్టు జిల్లాల శిస్తు. అంటే రెసిడెన్సీ కోరిన సైన్యానికి, పామర్ ఇచ్చిన అప్పుకు, చివరికి బాకీ తీర్చేవాడు దుక్కి దున్నే రైతు. స్థానిక సాహుకార్ల వడ్డీ తక్కువేమీ కాదు. తేడా వడ్డీలో లేదు. సాహుకారు వెనుక ఫిరంగి లేదు. పామర్ వెనుక ఉంది.

1820లో రెసిడెంటుగా వచ్చిన మెట్‌కాఫ్ ఆ ఏటి 60 లక్షల రుణం గుట్టు బయటపెట్టాడు. 1823లో ఆ బాకీ తీర్చడానికి మార్గం దొరికింది. ఉత్తర సర్కార్ల కోసం కంపెనీ ఏటా నిజాముకు చెల్లించే 7 లక్షల పేష్కష్‌ను, సుమారు కోటీ 16 లక్షల మొత్తంగా లెక్కగట్టి, శాశ్వతంగా రద్దు చేశారు. మరుసటి ఏడు పామర్ సంస్థ దివాలా తీసింది. కోస్తా తెలుగు జిల్లాలపై నిజాముకు మిగిలిన ఆఖరి హక్కు ఒక వడ్డీ సంస్థ ఖాతాలో జమ అయింది.

ఇది మన ఒక్కరి కథ కాదు. 1876లో జపాను కొరియాపై రుద్దిన గాంగ్వా ఒప్పందంతో కొరియా రేవులు తెరుచుకున్నాయి. జపాను సరుకులు సుంకం లేకుండా దిగాయి. 1878లో షిబుసావా ఐయిచి నడిపిన దైఇచి బ్యాంకు బూసాన్‌లో శాఖ తెరిచింది. 1889లో హమ్‌గ్యాంగ్ గవర్నరు తన ప్రజల తిండికోసం ధాన్యం ఎగుమతిని ఆపితే, జపాను నష్టపరిహారం వసూలు చేసింది. 1902లో కొరియాలో షిబుసావా బొమ్మతో నోట్లు చలామణీ అయ్యాయి. 1910లో దేశమే పోయింది. 2024లో అదే షిబుసావా బొమ్మతో జపాను పది వేల యెన్ నోటు విడుదల చేసినప్పుడు కొరియన్లు నిరసించారు. జపానుకు ఆయన పరిశ్రమల పితామహుడు. కొరియాకు ఆ నోటు బానిసత్వపు తొలి రశీదు.

నేటి ఐటీ కారిడార్ నాటి పామర్ కంపెనీయే అని నేననను. నేడు ఎన్నికైన ప్రభుత్వం ఉంది, ప్రశ్నించే హక్కు ఉంది, వేలాది తెలుగు యువకులకు జీవిక ఉంది. కాని షరతులు ఎవరు రాశారు, భూమి ఎవరిది, నష్టం వస్తే భారం ఎవరిపై పడుతుంది అన్న ప్రశ్నలు పాతబడలేదు.

కోఠీ రెసిడెన్సీ అనగానే మనకు కిర్క్‌పాట్రిక్, ఖైరున్నీసాల ప్రేమగాథ గుర్తొస్తుంది. అదే రెసిడెన్సీ నీడన పెరిగిన పద్దు పుస్తకం గుర్తురాదు. కొరియన్లు ఒక నోటు మీది ముఖాన్ని నూరేళ్ల తరువాత కూడా గుర్తుపట్టారు. మన జిల్లాలు ఏ బాకీ కింద జమ అయ్యాయో మన సాహిత్య విద్యార్థికి తెలియదు. కావ్యంలో అలంకారాలను గుర్తించగల విద్యార్థి ఒప్పందంలోని షరతులను కూడా చదవగలగాలి. అప్పుడే ఈ నగరాన్ని గురించి రాసే కథ అద్దాల గోడ దగ్గర ఆగిపోదు.