నోటుబుక్కులో పొడుగాటి పేజీలు

మంట కాస్త ఎగదొయ్యరా అబ్బాయ్, ఆ కొబ్బరి డొక్కలు కూడా పడెయ్. నువ్విలా దగ్గరికి జరుగమ్మలూ. మధ్యాహ్నం నుంచీ చూస్తున్నాను, ఎవరికెంత ప్యాకేజీ వచ్చిందో ఫోన్లో చూసుకుంటూ మొహం ముడుచుక్కూచున్నావు. "నాకేం కావాలో నాకే తెలీట్లేదు తాతయ్యా" అన్నావు కదూ ఇందాక? మూడో ఏడు ఇంజనీరింగులో ఆ మాట పైకి అనగలిగావంటే నాకు సంతోషంగానే ఉంది. మా రోజుల్లో అననిచ్చేవాళ్ళు కాదు.

నేను రాజమండ్రి ఆర్ట్సు కాలేజీలో పీయూసీలో చేరింది 1963లో. గోదావరి మీద రోడ్డూ రైలూ కలిసిన వంతెన 1974లో గానీ రాలేదు. కొవ్వూరు రేవులో లాంచీ ఎక్కి అవతలి గట్టున దిగేవాళ్ళం. చేతిలో ట్రంకుపెట్టె, సంచిలో ఆవకాయ జాడీ. రాధాకృష్ణన్ గారు కొంతకాలం పాఠం చెప్పిన కాలేజీ అని మా నాన్న ఊరంతా చెప్పుకున్నాడు. అప్పుడూ లెక్కలుండేవే. ఎంత మాగాణి ఉంది, కుర్రాడు గుమాస్తా అవుతాడా గెజిటెడ్ ఆఫీసరవుతాడా, పెళ్ళిలో ఎంత పలుకుతాడు. మీ ప్యాకేజీకి అది పెద్దన్నయ్య!

మాకో తెలుగు మాస్టారుండేవారు. ఓ సాయంత్రం మా నలుగుర్నీ వెంటబెట్టుకెళ్ళి దామెర్ల రామారావు గారి బొమ్మలు చూపించారు. బొమ్మల్లో ఆడవాళ్ళ చీరకట్టూ, కొప్పులూ, నుంచునే తీరూ చూసి మా వాడొకడు "అరె, మా పిన్ని ఇలాగే నుంచుంటుందిరా" అని అరిచాడు. మాస్టారు అక్కడే నిలబెట్టి చెప్పారు కథ.

రామారావు గారిది రాజమండ్రే, 1897లో పుట్టారు. ఆ రోజుల్లో మా కాలేజీకి ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే గారని ఇంగ్లీషాయన. 1909 నుంచి 1919 దాకా ఇక్కడే ఉన్నారు. తనూ బొమ్మలు వేసేవారు, రాసేవారు. ఈ కుర్రాడి చెయ్యి దేనివైపు పోతోందో ఆయన కనిపెట్టారు. చదువులో తగ్గినదాన్ని పట్టుకు వేలాడకుండా, అజంతా బొమ్మలు చూడమన్నారు, 1916లో బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చేరే దారి చూపించారు. రామారావు గారు అక్కడ పూర్తిచేసుకుని తిరిగొచ్చి రాజమండ్రిలోనే చిత్రకళాశాల పెట్టారు. 1925 ఫిబ్రవరిలో మశూచి వచ్చి పోయారు. ఇరవై ఎనిమిదేళ్ళు కూడా నిండలేదమ్మా. ఆస్తి, హోదా, ఆయుష్షు, ఏ లెక్కన చూసినా ఏం మిగిలినట్టు? కానీ ఆ బొమ్మల ముందు నుంచున్న మా నలుగురికీ ఆ ప్రశ్నే రాలేదు.

అదే కూల్డ్రే గారి దగ్గర చదివినవారే అడివి బాపిరాజు గారు, మన భీమవరం వైపు వారు. ఆయన దారి వేరు. లా చదివారు, కొన్నాళ్ళు ప్లీడరీ చేశారు, అది వదిలేశారు. నవలలు రాశారు, బొమ్మలు వేశారు, బందరు జాతీయ కళాశాలకి ప్రిన్సిపాలుగా చేశారు, హైదరాబాదు వెళ్ళి 'మీజాన్' పత్రిక నడిపారు. ఆయన 'నారాయణరావు' నవలకీ, విశ్వనాథ వారి 'వేయిపడగలు'కీ కలిపి ఆంధ్ర విశ్వవిద్యాలయం బహుమతి ఇచ్చింది. మన వీధి అరుగు మీద తీర్పు చెప్పేవాళ్ళనడిగితే నిలకడ లేని మనిషనేవారు. నాకేమో ఆయన ప్రతిచోటా ఒకే పని చేసినట్టు కనిపిస్తుంది.

ఒక్కటి చెప్పాలి. అందరికీ కూల్డ్రే దొరకడు. మాకూ దొరకలేదు. నలభై మంది ఉన్న క్లాసులో ఎవడి చెయ్యి ఎటు పోతోందో ఎవరు చూస్తారు? ఆ మాటే అడిగితే మాస్టారు, "అయితే మీరే చూసుకోండర్రా" అన్నారు. రోజూ పడుకోబోయే ముందు నాలుగు ముక్కలు రాయమన్నారు. ఏం చదివామని కాదు, ఆ రోజు దేని దగ్గర టైము తెలీకుండా పోయింది, దేని దగ్గర గడియారం చూశాం, అంతే. మార్కులు రాయొద్దన్నారు, అవి ఎలాగూ కాలేజీ వాళ్ళు రాస్తారు కదా.

నాది మామూలు నలభై పేజీల నోటుబుక్కు. లాంతరు మసి అంటి అంచులు నల్లబడ్డాయి. కొన్నాళ్ళకి వెనక్కి తిరగేసి చూస్తే ఒకటి బయటపడింది. పరీక్షల గురించి రాసిన పేజీల్లో రెండేసి లైన్లున్నాయి. మా గదిలో కుర్రాడికి త్రికోణమితి అర్థంకాక ఏడుస్తుంటే నేల మీద సుద్దతో గీసి చెప్పిన రోజు మాత్రం పేజీ అటూ ఇటూ నిండిపోయింది, మార్జిన్లో కూడా రాశాను. వాడి మొహం ఎప్పుడు విప్పారిందో కూడా రాసుకున్నాను. అలాంటి పేజీలే ఇంకా ఉన్నాయి, అన్నీ ఎవరికో ఒకరికి చెప్పినవే.

డిగ్రీ అయ్యాక బీఈడీ చేసి పంతులవుతానంటే ఇంట్లో పెద్ద గోల. మా నాన్నే అడ్డుపడ్డాడు. "లంకలో పొగాకు పండుతుంది, వరి వేసి పండలేదని లంకని తిడతామా? వాణ్ణి వెళ్ళనివ్వండి" అన్నాడు. చదువుకోని మనిషే, కానీ నేల చూసి పైరు వేసే మనిషి. జిల్లా పరిషత్ బడిలో లెక్కలు చెప్పాను రిటైరయ్యేదాకా. జీతం తక్కువైన నెలలున్నాయి, మీ నానమ్మ గాజులు కుదువపెట్టిన నెలా ఉంది, అది దాచను. పొద్దున్నే బడికి వెళ్ళబుద్ధి కాని రోజులు మాత్రం బహు తక్కువ.

నీకు పెద్ద ప్యాకేజీయే కావాలని నీ పేజీలు చెప్తే అదే పట్టు తల్లీ, నాకేం అభ్యంతరం లేదు. మీ నాన్న లోను కట్టాలి, డబ్బు అక్కర్లేదని నేనెందుకంటాను? నీ పక్కసీటు పిల్ల పేజీలు చూసి నీకు కావలసింది రాసుకోకు, అంతవరకే నా పట్టు. కనుమ వెళ్ళాక గదా కాకినాడ బస్సెక్కేది? లోపల బీరువాలో కొత్త నోటుబుక్కుంది, తీసుకో. ఈ రాత్రి నుంచే మొదలుపెట్టు. నాకు చూపించక్కర్లేదు. ఉగాదికి వచ్చినప్పుడు ఏ పేజీలు పొడుగ్గా వచ్చాయో అది మాత్రం చెప్పు.