ఒలింపిక్ డ్యామ్ కింద ఏముంది?

1975 జూలై. దక్షిణ ఆస్ట్రేలియాలో అడిలైడ్‌కు ఉత్తరాన సుమారు 550 కిలోమీటర్ల దూరం. ఎర్ర ఇసుక దిబ్బలు, గొర్రెల మందలు, ఓ నీటికుంట. మెల్‌బోర్న్ ఒలింపిక్స్ ఏడాది, అంటే 1956లో తవ్విన కుంట కాబట్టి గొర్రెల ఫారం వాళ్లు దానికి ఒలింపిక్ డ్యామ్ అని పేరు పెట్టుకున్నారు. ఇప్పుడు ఆ కుంట దగ్గర డ్రిల్లింగ్ రిగ్గు నిలబడింది.

వెతుకుతున్నది రాగి, కానీ నేల మీద దాని ఆనవాలు ఒక్కటీ లేదు. ఖనిజం ఉందో లేదో తెలియాలంటే ముందు 300 మీటర్లకు పైగా పనికిరాని రాతిని తొలుచుకుంటూ పోవాలి. సుత్తి పట్టుకుని తిరిగే జియాలజిస్టుకు అక్కడ పనే లేదు. మరి రిగ్గు అక్కడికే ఎందుకొచ్చింది?

వెస్టర్న్ మైనింగ్ కార్పొరేషన్‌లో జియోఫిజిసిస్టు హ్యూ రట్టర్ ముందున్నవి రాళ్లు కావు, గీతలు. ప్రభుత్వ సంస్థ బ్యూరో ఆఫ్ మినరల్ రిసోర్సెస్ సర్వేల నుంచి వచ్చిన పటాలవి. ఒకటి గురుత్వాకర్షణది, ఇంకొకటి అయస్కాంత క్షేత్రానిది. భూమిలో బరువైన రాయి దాగి ఉంటే పైన గురుత్వం పది లక్షల్లో కొన్ని వంతులు పెరుగుతుంది. ఆ కాస్త తేడానే గ్రావిమీటర్ పట్టేస్తుంది. ఆండమూకా ఒపల్ గనులకు దగ్గర్లో రెండు పటాల్లోనూ గీతలు ఒకేచోట గుండ్రంగా బిగుసుకున్నాయి.

అయితే పటం బరువు చెబుతుంది గానీ, ఆ బరువు దేనిదో చెప్పదు. ఆ ఖాళీని పూరించింది అదే కంపెనీలోని జియాలజిస్టు డగ్లస్ హేన్స్ సిద్ధాంతం. పాత బసాల్ట్ లావా మార్పు చెందుతూ తనలోని రాగిని వదిలేస్తుందని, అది దగ్గరి అవక్షేప శిలల్లో పోగుపడుతుందని ఆయన లెక్క. అంటే కింద ఉన్న బరువు బసాల్టే అయి ఉండాలి. భూమి పొరల్లోని పొడవాటి చీలిక రేఖల్ని చదివే టిమ్ ఓ'డ్రిస్కాల్ కూడా ఆ ప్రాంతం వైపే మొగ్గాడు. అన్వేషణ విభాగం అధిపతి రాయ్ వుడాల్ అండ దొరికింది.

ఆర్‌డీ1 అనే ఆ మొదటి రంధ్రం నుంచి కోర్ పైకొచ్చింది. బసాల్ట్ జాడ లేదు. పెట్టెల్లో వరసగా పేర్చిన ఆ రాతి కడ్డీల్లో కనిపించింది గ్రానైట్ ముక్కలు, వాటి మధ్య హెమటైట్ అనే ముదురు ఎరుపు ఇనుప ఖనిజం. ఘనపు సెంటీమీటరు గ్రానైట్ 2.65 గ్రాములైతే హెమటైట్ 5 గ్రాముల పైమాటే. గ్రావిమీటర్ పట్టింది ఆ బరువునే. ల్యాబ్ ఫలితం: 38 మీటర్ల మేర 1.05 శాతం రాగి.

సిద్ధాంతం తప్పింది, చోటు తప్పలేదు. అదృష్టం అనేవాళ్లు అనొచ్చు. నేననను. ఒక్క శాతం రాగి అంత లోతులో గిట్టుబాటు కాదు, ఆ తర్వాత వేసిన రంధ్రాల్లో కొన్ని ఉత్తివే. అప్పుడైనా మూటాముల్లె సర్దుకోవచ్చు. సర్దుకోలేదు. 1976లో పదో రంధ్రం, ఆర్‌డీ10, 170 మీటర్ల మేర 2 శాతానికి పైగా రాగిని, దాంతోపాటు యురేనియాన్ని చూపించింది.

1982లో దక్షిణ ఆస్ట్రేలియా శాసనమండలిలో యురేనియం మీద గొడవ. లేబర్ పార్టీ వాడైన నార్మ్ ఫోస్టర్ సొంత పార్టీకి ఎదురు తిరిగి వేసిన ఓటుతో గనికి అనుమతిచ్చే బిల్లు గట్టెక్కింది. 1988లో గని తెరుచుకుంది. 2005 నుంచి బీహెచ్‌పీ కంపెనీ చేతిలో ఉంది. ప్రపంచంలో తెలిసిన యురేనియం నిక్షేపాల్లో అదే అతిపెద్దది.

ఈ ఘనత ఎవరిదని అడిగితే, నా ఓటు సగం ఆ సర్కారు సర్వే వాళ్లకే. కొలిచి, గీసి, అందరి ముందూ పెట్టింది వాళ్లు. ఇక మన సంగతి. 2023లో మన దేశం ప్రకటించిన 30 కీలక ఖనిజాల జాబితాలో రాగి కూడా ఉంది. అదే ఏడాది డిసెంబరులో, అలాంటి సర్వే సమాచారాన్ని అందరి ముందూ పెట్టే జాతీయ భూవిజ్ఞాన సమాచార భాండాగారం పోర్టల్ మొదలైంది. ఉస్మానియా, ఆంధ్రా యూనివర్సిటీల్లో జియోఫిజిక్స్ చదివే పిల్లలూ, ఆ పోర్టల్ ఒకసారి తెరిచి అక్కడి గీతలు చూడండి.