అంబాసిడర్ కారు పెట్రోలు ఇంజను

అంబాసిడర్ కారు పెట్రోలు ఇంజను (1489 సి.సి.) అనునది హిందుస్తాన్ మోటార్స్ సంస్థ తయారు చేసిన అంబాసిడర్ కార్లలో 1959 నుండి దశాబ్దాల పాటు వాడిన నాలుగు సిలిండర్ల, నాలుగు స్ట్రోకుల, నీటితో చల్లబడే ఇంజను. దీని సామర్థ్యం సుమారు 55 అశ్వశక్తి. బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి బి-సిరీస్ ఇంజన్ల కుటుంబానికి చెందిన ఈ ఇంజనులో ప్రతి భాగమూ కంటికి కనబడుతుంది, చేతికి అందుతుంది. అందువలన అంతర్దహన యంత్రం గురించి చదువుకునే విద్యార్థులకు ఇది ఈనాటికీ మంచి ఉదాహరణ.

చరిత్ర

అంబాసిడర్ కారు 1957లో పశ్చిమ బెంగాల్ లోని ఉత్తరపారా కర్మాగారంలో మొదలైనది. ఇంగ్లాండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారు దీనికి మూలం. మొదటి కార్లలో వాల్వులు సిలిండర్ల పక్కన ఉండే 1476 సి.సి. ఇంజను ఉండేది. 1959లో దాని స్థానంలో వాల్వులు సిలిండర్ల పైన ఉండే 1489 సి.సి. ఇంజను వచ్చింది. ఈ వ్యాసం ఆ రెండవ ఇంజను గురించినది. తరువాతి కాలంలో ఇదే కొలతలో డీజిల్ ఇంజను కూడా వచ్చింది. 1992లో ఇసుజు వారి 1.8 లీటర్ల పెట్రోలు ఇంజనును ప్రవేశపెట్టారు; దాని సామర్థ్యం 75 అశ్వశక్తి. 2014 మే నెలలో ఉత్తరపారా కర్మాగారంలో పని నిలిచిపోయింది. 2017లో అంబాసిడర్ పేరును ఫ్రాన్సుకు చెందిన ప్యూజో సంస్థకు 80 కోట్ల రూపాయలకు అమ్మారు. కొత్త కార్లు రాకపోయినా, పాత కార్లు సొంతదారుల వద్ద ఇంకా నడుస్తున్నాయి.

నిర్మాణం

సిలిండరు బ్లాకు, పైనుండే సిలిండరు హెడ్డు రెండూ పోత ఇనుముతో చేసినవే. రెండూ ఒకే లోహం కావడం వలన వేడికి ఒకే తీరున వ్యాకోచిస్తాయి. సిలిండరు వ్యాసం 73.025 మి.మీ., పిస్టను ప్రయాణ దూరం అనగా స్ట్రోకు 88.9 మి.మీ. ఈ రెండు కొలతల నుండి ఒక సిలిండరు ఘనపరిమాణం సుమారు 372 ఘన సెం.మీ. వస్తుంది, దానిని నాలుగుతో గుణిస్తే 1489 వస్తుంది. వ్యాసం కంటే స్ట్రోకు పెద్దది కనుక దీనిని దీర్ఘ స్ట్రోకు ఇంజను అంటారు. తక్కువ వేగంలో కూడా గట్టిగా లాగడం, తరచుగా గేరు మార్చే అవసరం లేకపోవడం ఈ తరహా ఇంజన్ల గుణం. అయితే ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరిగేటప్పుడు పిస్టను సగటు వేగం సెకనుకు దాదాపు 8.9 మీటర్లు ఉంటుంది. ఆ వేగంతో సిలిండరు గోడకు రాసుకుంటున్న పిస్టను రింగులను కాపాడేది పలుచని నూనె పొర మాత్రమే.

క్రాంక్ షాఫ్టును మూడు మెయిన్ బేరింగులు మోస్తాయి. (ఆధునిక నాలుగు సిలిండర్ల ఇంజన్లలో సాధారణంగా ఐదు ఉంటాయి.) కామ్ షాఫ్టు బ్లాకులోనే ఉంటుంది. క్రాంక్ షాఫ్టు రెండు చుట్లు తిరిగితే, చైను ద్వారా తిరిగే కామ్ షాఫ్టు ఒక చుట్టు తిరుగుతుంది. దాని మిట్టలు టాపెట్లను, టాపెట్లు పుష్ రాడ్లను, అవి పైనున్న రాకర్లను కదిలించగా వాల్వులు తెరచుకుంటాయి.

వాల్వుల అమరిక గమనించదగినది. రేడియేటరు వైపు నుండి లెక్కిస్తే 1, 4, 5, 8 వాల్వులు పొగ బయటకు పోయేవి; 2, 3, 6, 7 వాల్వులు మిశ్రమం లోపలికి వచ్చేవి. మధ్యనున్న 4, 5 వాల్వులకు పొగ పోయే దారి ఒక్కటే. అందువలన హెడ్డులో మిక్కిలి వేడెక్కే చోటు అదే.

పనిచేయు విధానం

ప్రతి సిలిండరులో చూషణ, సంపీడన, శక్తి, నిష్కాసన అనే నాలుగు స్ట్రోకులు వరుసగా జరుగుతాయి. వీటిలో పని చేసేది శక్తి స్ట్రోకు ఒక్కటే. మిగిలిన మూడూ ఆ పనికి ఏర్పాట్లు. ఒకే సిలిండరు ఉంటే క్రాంక్ షాఫ్టు రెండు చుట్లకు ఒక్కసారి తోపు అందుతుంది. నాలుగు ఉంటే ప్రతి అర చుట్టుకూ ఒక తోపు వస్తుంది, కనుక నడక సాఫీగా ఉంటుంది.

1, 4 పిస్టన్లు కలిసి పైకి వస్తాయి. అప్పుడు 2, 3 పిస్టన్లు కింద ఉంటాయి. మండే వరుస 1-3-4-2. అనగా ఒకటవ సిలిండరు సంపీడనం ముగించి మండేటప్పుడు, దానితో పాటు పైకి వచ్చిన నాలుగవది పొగను బయటకు పంపడం ముగిస్తుంది. ఇట్లా జంటలుగా కదలడం వలన పిస్టన్ల బరువులు చాలావరకు ఒకదానినొకటి సరితూచుకుంటాయి. పూర్తిగా కాదు: ఇంజను వేగానికి రెట్టింపు వేగంతో ఒక చిన్న అదురు మిగిలిపోతుంది. ఇంజను కింద రబ్బరు దిమ్మెలు పెట్టేది ఆ అదురు కారు బాడీకి చేరకుండా ఉండడానికే.

నిమిషానికి 3000 చుట్ల వద్ద ఒక్కొక్క సిలిండరు సెకనుకు 25 సార్లు మండుతుంది. నాలుగింటికి కలిపి సెకనుకు 100 నిప్పురవ్వలు కావాలి. డిస్ట్రిబ్యూటరులోని చిన్న పాయింట్లు సెకనుకు 100 సార్లు తెరచుకుని మూసుకుంటాయన్న మాట.

నిర్వహణ

నూనె: ఈ ఇంజనుకు సుమారు 4 లీటర్ల నూనె పడుతుంది. దాదాపు 5000 కిలోమీటర్లకు ఒకసారి నూనెను, ఫిల్టరును మార్చాలి. మట్టం తగ్గినప్పుడు పైన కలపడం వేరు, మార్చడం వేరు. పాత నూనెలో చేరిన మసి, లోహపు పొడి, పెట్రోలు అంశాలు కొత్త నూనె కలిపినంత మాత్రాన పోవు. ఈ ఇంజను వెనుక కొసన రబ్బరు సీలుకు బదులు నూనెను వెనక్కు తిప్పి పంపే మర చుట్టు మాత్రమే ఉంటుంది. కనుక కారు నిలిపిన చోట కొన్ని చుక్కలు పడడం దీని నిర్మాణ లక్షణం. చుక్కలు ధారగా మారితే మాత్రం రింగులు అరిగి, మండిన వాయువులు కింది గదిలోకి చేరి, ఆ ఒత్తిడికి నూనె బయటకు వస్తున్నదేమో చూడాలి.

నీరు: వేసవిలో ఇంజను మరుగుతున్నదని థర్మోస్టాటును తీసి పారవేయడం మన ప్రాంతాలలో చాలాకాలంగా ఉన్న అలవాటు. ఇది మంచిది కాదు. థర్మోస్టాటు లేని ఇంజను చల్లని ఉదయాలలో చాలాసేపు వేడెక్కదు. ఆవిరి కాని పెట్రోలు సిలిండరు గోడ మీది నూనెను కడిగివేస్తుంది, రింగులు త్వరగా అరుగుతాయి. మరగడానికి అసలు కారణం తరచుగా రేడియేటరు గొట్టాలలోని గార. బోరు నీటిలోని లవణాలు ఇంజను వేడికి గట్టిపడి అడ్డుపడతాయి. తుప్పు పట్టనివ్వని కూలెంటును స్వేదన జలంతో కలిపి వాడటం సరైన పద్ధతి. వేడిగా ఉన్న రేడియేటరు మూత తీయరాదు. లోపలి ఒత్తిడికి మరిగే నీరు ముఖం మీదకు చిమ్ముతుంది.

పాయింట్లు, ప్లగ్గులు: పాయింట్ల ఎడం సుమారు 0.38 మి.మీ., ప్లగ్గు ఎడం 0.64 మి.మీ. ఉండాలి. పాయింట్ల మడమ అరిగిన కొద్దీ ఎడం తగ్గుతుంది. అప్పుడు నిప్పురవ్వ ఆలస్యంగా పుడుతుంది, ఇంజను బలం తగ్గి వేడి పెరుగుతుంది. కాబట్టి ముందు ఎడం సరిచేసి, ఆ తరువాతే టైమింగు చూడాలి. ఈ వరుస తారుమారైతే చేసిన టైమింగు వృథా.

టాపెట్లు: రాకరుకు, వాల్వు కాడకు మధ్య సుమారు 0.38 మి.మీ. ఖాళీ ఉండాలి. దీనిని సరిచేయడానికి మెకానిక్కులు తొమ్మిది లెక్కను వాడతారు. పూర్తిగా తెరచుకుని ఉన్న వాల్వు సంఖ్యను తొమ్మిది నుండి తీసివేస్తే సర్దవలసిన వాల్వు సంఖ్య వస్తుంది. 8వ వాల్వు తెరచి ఉంటే 1వ దానిని, 6వది తెరచి ఉంటే 3వ దానిని, 4వది తెరచి ఉంటే 5వ దానిని, 7వది తెరచి ఉంటే 2వ దానిని సర్దాలి, మిగిలినవీ ఇంతే. ఇది కేవలం గుర్తు పెట్టుకునే చిట్కా కాదు. జంట సిలిండర్ల మధ్య క్రాంక్ షాఫ్టు ఒక చుట్టు తేడా, అనగా కామ్ షాఫ్టు అర చుట్టు తేడా ఉంటుంది. ఒక వాల్వు కామ్ మిట్ట కొన మీద ఉన్నప్పుడు దాని జంట వాల్వు కచ్చితంగా కామ్ వీపు మీద ఉంటుంది. సంపూర్ణంగా మూసుకున్న ఆ స్థితిలోనే ఫీలర్ గేజి పెట్టి కొలవాలి.

ఖాళీ ఎక్కువైతే టకటక శబ్దం వస్తుంది. శబ్దం విసుగు పుట్టించినా అంత హాని లేదు. ఖాళీ పూర్తిగా పోతే శబ్దం ఉండదు, కానీ వాల్వు తన సీటు మీద కూర్చోదు. మండుతున్న వాయువులు ఆ సందులోనుండి దూసుకుపోయి వాల్వు అంచును కాల్చివేస్తాయి. శబ్దం రాకూడదని టాపెట్లను బిగించడం వలన ఎన్నో హెడ్లు విప్పవలసి వచ్చింది.

లోపాల గుర్తింపు

పొగ గొట్టం నుండి నీలి పొగ వస్తే నూనె మండుతున్నట్లు, నల్లని పొగ వస్తే పెట్రోలు ఎక్కువైనట్లు, వేడెక్కిన తరువాత కూడా తెల్లని పొగ ఆగకపోతే సిలిండరులోకి నీరు చేరుతున్నట్లు గ్రహించాలి. సందేహం ఉన్నప్పుడు నాలుగు సిలిండర్ల సంపీడన పీడనాన్ని కొలుస్తారు. ఒక సిలిండరులో పీడనం తగ్గితే, ప్లగ్గు రంధ్రం ద్వారా ఒక చెంచా నూనె పోసి మళ్ళీ కొలవాలి. పీడనం పెరిగితే దోషం రింగులది, పెరగకపోతే వాల్వులది. పక్కపక్కనున్న రెండు సిలిండర్లలో ఒకేలా తగ్గితే వాటి మధ్య హెడ్ గాస్కెట్ కాలిపోయి ఉండవచ్చు. రింగులతో పాటు గోడలు కూడా అరిగితే ఇంజను "బోరుకు వచ్చింది" అంటారు. అప్పుడు సిలిండర్లను లేతు షాపులో కోయించి, పెద్ద కొలత పిస్టన్లు వేయాలి.

మిశ్రమం వచ్చే దారి, పొగ పోయే దారి ఒకే పక్కన ఉండటం వలన ఎండాకాలంలో పెట్రోలు గొట్టాలలోనే ఆవిరై కారు ఆగిపోవడం కద్దు. పెట్రోలు పంపు మీద తడి గుడ్డ వేసే డ్రైవర్ల ఉపాయం వెనుక ఉన్నది ఈ కారణమే.

సీసరహిత పెట్రోలు, ఇథనాలు

పాత కార్ల సొంతదారులకు నేడు ముఖ్యమైన ప్రశ్న ఇంధనం. పూర్వం పెట్రోలులో కలిపే సీసం సమ్మేళనాలు వాల్వు సీటు మీద పొరగా ఏర్పడి, ఇనుప సీటును దెబ్బల నుండి కాపాడేవి. ఆరోగ్యానికి హానికరమైన ఆ సీసాన్ని 2000 ఫిబ్రవరి 1 నుండి దేశమంతటా నిలిపివేశారు. గట్టిపరచిన సీట్లు లేని పాత హెడ్లలో, ఎక్కువసేపు వేగంగా నడిపినప్పుడు, పొగ వాల్వులు క్రమంగా సీటులోనికి దిగిపోతాయి. వాల్వు దిగిన కొద్దీ పైన ఖాళీ తగ్గుతుంది. కనుక సర్దిన కొద్ది రోజులకే 1, 4, 5, 8 వాల్వుల ఖాళీ మళ్ళీ మళ్ళీ తగ్గుతుంటే, అది సీట్లు అరుగుతున్నదనడానికి తొలి సూచన. హెడ్డు విప్పినప్పుడు గట్టి లోహపు సీట్లు వేయించడం దీనికి శాశ్వత పరిష్కారం.

2023 నుండి 20 శాతం ఇథనాలు కలిపిన పెట్రోలు అమ్మకం మొదలై, 2025 నాటికి దేశమంతటా సాధారణమైనది. లీటరుకు దీని శక్తి సుమారు 7 శాతం తక్కువ. ఇథనాలులో ఆక్సిజను ఉన్నందున దీనికి గాలి తక్కువ చాలు. ఆధునిక కార్లలోని కంప్యూటరు ఈ తేడాను పసిగట్టి ఇంధనం పెంచుతుంది. కార్బురేటరుకు ఆ తెలివి లేదు. ఫలితంగా మిశ్రమం పలుచబడి, మొదలే వేడెక్కే పొగ వాల్వులు మరింత వేడెక్కుతాయి. ఎస్.యు. కార్బురేటరు అయితే జెట్ నట్టు కొద్దిగా తిప్పి మిశ్రమం చిక్కబరచవచ్చు; సోలెక్స్ అయితే ఒక సైజు పెద్ద మెయిన్ జెట్టు వేయాలి. పాత రబ్బరు గొట్టాలు, పంపు డయాఫ్రము ఇథనాలుకు ఉబ్బి, పగులుతాయి. పెట్రోలు కారితే అగ్నిప్రమాదం సంభవించవచ్చు కనుక వీటిని ఇథనాలుకు తట్టుకునే రకానికి ముందుగానే మార్చుకోవాలి. ఇథనాలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నీరు ఎక్కువైతే దానితో కలిసి ట్యాంకు అడుగుకు చేరుతుంది. నెలల తరబడి కదలని కారులో ట్యాంకును, కార్బురేటరు గిన్నెను ఖాళీ చేసి ఉంచడం, లేదా పదిహేను రోజులకు ఒకసారి ఇంజను బాగా వేడెక్కేదాకా కారును నడపడం అవసరం.