బోధిసిరి దానము

నాగార్జునసాగరమున నేడు నీరు నిండిన లోయలోనే ఒకప్పుడు ఇక్ష్వాకుల రాజధాని విజయపురి వెలసియుండెను. 1926లో అచ్చటి శిథిలములు బయల్పడినవి. జలాశయము రానున్నదని తెలిసి 1954 నుండి 1960 వరకు లోయనంతటిని త్రవ్వి చూచిరి. స్తూపములు, చైత్యగృహములు, భిక్షువుల గదులు వరుసగా వెలువడినవి.

రాజైన చాంతమూలుడు అశ్వమేధము చేసెను. ఆయన సోదరి చాంతిసిరి బౌద్ధ మహాచైత్యమునకు స్తంభములెత్తించినది. అయితే అచ్చటి దాతలలో రాణులే కాదు, బోధిసిరి యను గృహిణియు కలదు. వీరపురుషదత్తుని 14వ పాలనవర్షమున ఆమె సింహళ భిక్షువులకొక చైత్యగృహము కట్టించినది. వారు కాశ్మీర, గాంధార, చీనాది దేశముల జనులను ప్రసన్నులను చేసిన ఆచార్యులని ఆమె శాసనము చెప్పుచున్నది. ఆమె దానముల పట్టికలో ఒక చెరువును కలదు. పుణ్యములో భాగమునకై పుట్టింటివారిని, అత్తింటివారిని కూడ తలచినది.

లోయ మునుగకముందే కొన్ని కట్టడములను విప్పి, కొండపై మరల పేర్చిరి. ఆ కొండ నేడు ద్వీపము. క్రింది నీరు కాలువల వెంట పొలములకు పోవుచున్నది. చెరువును దానముగా నెంచిన ఇల్లాలి శాసనమును అచ్చటికి వెళ్లువారు తలచుకొనవలెను.