పల్నాటి పాటను మోసింది చెవి

 పల్నాడు జిల్లా కారెంపూడిలో కార్తీక అమావాస్యకు వీరుల ఉత్సవం మొదలవుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు: ఆ అయిదు రోజులూ వీరవిద్యావంతులు పంబ వాద్యం మోతతో పన్నెండో శతాబ్దపు పల్నాటి యుద్ధగాథ పాడతారు. ఈ గాథను ఇన్ని తరాలు దాటించింది తాటాకు అనుకుంటాం. మాటల వరకు అది కొంత నిజం. లయ నడకను మాత్రం చెవే దాటించింది.

శ్రీనాథుడి పేర ఉన్న పల్నాటి వీరచరిత్ర మంజరీ ద్విపద. పాదానికి మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం. మూడో గణం మొదట యతి. ప్రాస నియమం లేదు. అచ్చు పుస్తకంలో పాదానికో వరుస కనిపిస్తుంది కానీ, తాటాకు మీద అలా ఉండదు. మాటకూ మాటకూ ఎడం లేకుండా అక్షరాలు ఆకు అంచుదాకా సాగిపోతాయి. పాదం ఎక్కడ విరిగిందో కంటికి ఆనదు. పైకి చదివితే, చివరి మూడు మాత్రల దగ్గర గొంతు దానంతటదే ఆగుతుంది. లయను కంటికంటే చెవి బాగా పట్టడం పల్నాటి వాళ్లకే చెల్లిన సంగతి కాదు. పొట్టివి, పొడుగువి కలిపిన వరుసను ఒకసారి శబ్దంగా, ఒకసారి దీపపు మెరుపుగా ఇచ్చి తిరిగి తట్టమంటే, విన్నదే బాగా గుర్తుంటుందని 1989లో గ్లెన్‌బర్గ్ పరిశోధక బృందం చూపింది. చూసిన లయను కూడా మనసు లోలోపల శబ్దంగా మార్చుకుంటుందని 2005లో గట్‌మన్, గిల్‌రాయ్, బ్లేక్ తేల్చారు.

పంబ మీద పడే చేతిని చూసి కూడా లయ పట్టవచ్చు కదా అనవచ్చు. పట్టవచ్చు, ఎగిరి పడే బంతిలా కదిలే వస్తువు వెంట కన్ను మెరుపుల కంటే బాగా నడుస్తుందని తర్వాతి ప్రయోగాల్లో తేలింది. కానీ తాటాకు కదలదు. చెవి చాలితే రాసుకోవడం ఎందుకన్నది ఇంకో ప్రశ్న. పేర్లు, ఘట్టాల వరుస జారిపోకుండా రాసుకున్నారు. 1911లో అక్కిరాజు ఉమాకాంతం వీరచరిత్రను అచ్చు వేయించినప్పుడు నిలిచినవీ అవే. అలిసెట్టి గాలెయ్య పాడగా రికార్డు చేసుకున్న గాథను జీన్ రోగైర్ 1982లో ఇంగ్లీషు పుస్తకంగా తెచ్చారు. కథంతా వచ్చింది, పంబ రాలేదు. ఇకమీదట ఈ గాథను భద్రపరచాలనుకునే వారు పాఠంతో సరిపెట్టుకోకుండా, పంబతో సహా అయిదు రోజుల పాటనూ రికార్డు చేసి ఊరి బడిలో పిల్లలకు వినిపించాలి.